రెండవ రిచర్డ్, అతని ప్రభువులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లండును 1377 నుంచి 1399 వరకు ఏలిన రెండవ రిచర్డ్‌కూ ఆ రాజ్యంలోని పెద్ద ప్రభువులకూ మధ్య సాగిన పోరు గురించి చదువరులకు సాధారణంగా వచ్చే సందేహాలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. ఇరవై రెండేళ్ల ఈ వైరంలో యుద్ధమని చెప్పుకోదగినది ఒక్కటే, అదీ ఒక పూటలో ముగిసింది. మిగిలినదంతా పార్లమెంటులో, విచారణల్లో, చట్టం పేరుతోనే నడిచింది. కాబట్టి ఎవరు గెలిచారన్నది ఒక్కటే కాక, రాజద్రోహం అనే నేరానికి ఎప్పుడు ఎవరు ఏ అర్థం చెప్పారన్నది కూడా గమనించవలసి ఉంటుంది.

రిచర్డ్ ఎవరు? పదేళ్ల బాలుడికి సింహాసనం ఎలా దక్కింది?

రిచర్డ్ 1367 జనవరి 6న, అప్పట్లో ఇంగ్లండు రాజుల ఏలుబడిలో ఉన్న ఫ్రాన్సు నగరం బోర్డోలో పుట్టాడు. తాత మూడవ ఎడ్వర్డ్, తండ్రి ‘బ్లాక్ ప్రిన్స్’గా పేరుపొందిన యువరాజు ఎడ్వర్డ్. తండ్రి 1376లో, తాత 1377లో చనిపోవడంతో పదేళ్ల వయసులో రిచర్డ్‌కు పట్టాభిషేకం జరిగింది. రాజు బాలుడైనా, అతని పేరున పాలించే సంరక్షకుణ్ణి ఎవరినీ నియమించలేదు. పినతండ్రుల్లో అందరికంటే బలవంతుడైన లాంకాస్టర్ డ్యూక్ జాన్ ఆఫ్ గాంట్‌ను నియమిస్తే అతడే సింహాసనం మీద కన్నువేస్తాడన్న అనుమానం చాలామందిలో ఉండేది. అందువల్ల తొలి మూడేళ్లు మండళ్లు పాలన చూశాయి, ఆజ్ఞలు మాత్రం బాలుడి పేరు మీదనే వెలువడ్డాయి. అధికారమంతా తనదేనని వింటూ, అందులో ఏదీ తన చేతికి రాకుండా పెరిగిన కుర్రవాడి మనసులో ఏం నాటుకుని ఉంటుందో తరువాతి చరిత్రను బట్టి ఊహించవచ్చు.

ఇక్కడ ప్రభువులు అంటే ఎవరు?

డ్యూకులు, ఎర్ల్‌లు, వారికి దిగువన బ్యారన్లు. వీరిలో రాజును నిజంగా ఎదిరించగలిగిన పెద్ద కుటుంబాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వీరి బలం బిరుదుల్లో లేదు, భూమిలో ఉంది. భూమి నుంచి వచ్చే ఆదాయంతో వీరు తమ గుర్తు ధరించి తిరిగే పరివారాన్ని పోషించేవారు, జిల్లాల్లో న్యాయాధికారులు ఎవరు కావాలో తేల్చేవారు, అవసరమైతే ఆయుధాలతో మనుషులను దింపేవారు. రాజుకు స్థిరమైన సైన్యం లేని ఆ కాలంలో యుద్ధానికి వెళ్లాలన్నా, పన్ను వసూలు కావాలన్నా, ఒక జిల్లాలో శాంతి నిలవాలన్నా వీరి సహకారం లేకుండా సాధ్యమయ్యేది కాదు.

వీరిలో సగం మంది రాజుకు రక్తబంధువులు. గ్లాస్టర్ డ్యూక్ థామస్ ఆఫ్ వుడ్‌స్టాక్ రాజుకు చిన్న పినతండ్రి. హెన్రీ బోలింగ్‌బ్రోక్ మరో పినతండ్రి గాంట్‌కు కొడుకు, రాజుతో సమవయస్కుడు. గ్లాస్టర్, బోలింగ్‌బ్రోక్ వరసకు బాబాయీ అన్నకొడుకూ అయినా బోహున్ వంశపు అక్కచెల్లెళ్లను పెళ్లాడి తోడల్లుళ్లు కూడా అయ్యారు. ఆస్తి అంతా తన భార్యకే వస్తుందనుకున్న గ్లాస్టర్‌కు ఆ రెండో పెళ్లి నచ్చలేదు. ఇంగ్లండు రాజకీయాలుగా మనం చదివే దానిలో చాలా భాగం ఇలాంటి దాయాదుల లెక్కలే.

అసలు గొడవ దేని గురించి? పన్నులా, యుద్ధమా?

రెండూ ఉన్నాయి, కాని అవి పైకి కనిపించే కారణాలు. ఫ్రాన్సుతో దశాబ్దాలుగా నడుస్తున్న యుద్ధం 1370ల నుంచి ఇంగ్లండుకు కలిసిరాలేదు. డబ్బు కోసం 1377, 1379, 1380లలో వరుసగా తలపన్ను వేశారు. మూడవసారి పేదా గొప్పా తేడా లేకుండా మనిషికి సగటున ఒక షిల్లింగు చొప్పున రాబట్టబోవడంతో 1381లో రైతులు తిరగబడి లండన్‌లో గాంట్ భవనాన్ని తగలబెట్టారు, కాంటర్బరీ ఆర్చిబిషప్పును చంపారు. పద్నాలుగేళ్ల రిచర్డ్ స్మిత్‌ఫీల్డ్ మైదానంలో తిరుగుబాటుదారులకు ఎదురుగా గుర్రం మీద వెళ్లి వారిని శాంతింపజేశాడు. తరువాత తానిచ్చిన హామీలన్నీ వెనక్కి తీసుకున్నాడు. ఆ రెండు పనులూ ఒకే మనిషి చేశాడన్నది గుర్తుంచుకోదగినది.

ప్రభువులతో వచ్చిన తగాదాకు మూలం మాత్రం ఇంకోటి. రాజు ఎవరి మాట వినాలి, ఎవరిని పదవుల్లో పెట్టాలి, ఎవరికి భూములు ఇవ్వాలి అన్నది రాజు సొంత ఇష్టమా, లేక పుట్టుకతోనే సలహాదారులమని భావించే పెద్ద కుటుంబాల హక్కా? ఆ ప్రశ్నకు లిఖితపూర్వకమైన జవాబు ఎక్కడా లేదు. జవాబు లేని చోట బలం ఎవరిదైతే వారి వ్యాఖ్యానమే చట్టమయ్యేది.

రాజు ఆంతరంగికుల మీద ప్రభువులకు ఎందుకంత కోపం?

ఇద్దరి పేర్లు చెబితే చాలు. మైఖేల్ డి లా పోల్ హల్ రేవుకు చెందిన ఉన్ని వర్తకుడి కొడుకు. అతడు 1383లో ఛాన్సలర్ (రాజు ప్రధాన మంత్రి), 1385లో సఫోక్ ఎర్ల్ అయ్యాడు. పాత వంశాల కళ్లకు ఇది వర్తకుడి కొడుకు తమ వరసలో కూర్చోవడంగా కనిపించింది. ఆక్స్‌ఫర్డ్ ఎర్ల్ రాబర్ట్ డి వీర్ కథ వేరు. వంశం పాతదే, అర్హత మాత్రం రాజు స్నేహమే. రాజు అతణ్ణి ఇంగ్లండులో అంతకు ముందు లేని మార్క్విస్ హోదాకు, 1386లో ఏకంగా ఐర్లండ్ డ్యూక్ హోదాకు పెంచాడు. మూడవ ఎడ్వర్డ్ మనవరాలైన తన భార్యను డి వీర్ వదిలేసి, రాణితో పాటు బొహీమియా నుంచి వచ్చిన పరిచారికను చేరదీయడం రాచకుటుంబానికే అవమానమైంది. వదిలివేయబడిన ఆ స్త్రీ గ్లాస్టర్ డ్యూక్‌కు మేనకోడలు.

ఇందులో అసూయ ఎంత, న్యాయమైన అభ్యంతరం ఎంత అని అడిగితే, రెండూ విడదీయలేనంతగా కలిసిపోయి ఉన్నాయనే చెప్పాలి. రాజు దయ వల్ల పంచబడే భూములు, పదవులు పరిమితం. ఒకరికి ఎక్కువ అందితే మరొకరికి అందనట్టే.

1386 పార్లమెంటులో ఏం జరిగింది?

ఆ ఏడు వేసవిలో గాంట్ స్పెయిన్‌లోని కాస్టీల్ సింహాసనం కోసం సైన్యంతో వెళ్లిపోయాడు. రాజుకూ ఇతర ప్రభువులకూ మధ్య అడ్డుగోడగా ఉన్న మనిషి లేకుండా పోయాడు. అదే సమయంలో ఫ్రెంచి సైన్యం ఇంగ్లిష్ ఛానల్ సముద్రం దాటి దండెత్తుతుందన్న భయం దేశమంతా పాకింది. అక్టోబరులో కూడిన పార్లమెంటు, డి లా పోల్‌ను తొలగిస్తేనే డబ్బు మంజూరు చేస్తామంది. పార్లమెంటు కోరినంత మాత్రాన తన వంటింట్లోని పనివాణ్ణి కూడా తీసెయ్యనని రాజు జవాబిచ్చి, ఎల్తమ్‌లోని తన భవనానికి వెళ్లి కూర్చున్నాడని ఆనాటి చరిత్రకారుడొకరు రాశాడు.

గ్లాస్టర్ డ్యూక్, ఈలీ బిషప్ థామస్ అరుండెల్ రాజు దగ్గరకు వెళ్లి, ప్రభువుల సలహా వినని రాజును తొలగించిన పూర్వాచారం ఉందని గుర్తుచేశారు. రాజు ముత్తాత రెండవ ఎడ్వర్డ్‌ను 1327లో గద్దె దించిన సంగతి అది. పేరు చెప్పవలసిన అవసరం లేకుండానే రాజుకు అర్థమైంది. డి లా పోల్ పదవి పోయింది, అభిశంసన జరిగింది. నవంబరులో రాజ్యాదాయాన్నీ రాజపరివారాన్నీ ఏడాది పాటు పర్యవేక్షించే అధికారంతో ఒక సంఘం ఏర్పడింది. పంతొమ్మిదేళ్ల రాజుకు మళ్లీ సంరక్షకులు వచ్చినట్టయింది. తన ముత్తాతను పుణ్యపురుషుడిగా ప్రకటింపజేయాలని రిచర్డ్ తరువాతి కాలంలో పోపు దగ్గర చేసిన ప్రయత్నాలకు ఈ బెదిరింపుతో సంబంధం ఉందనే అనుకోవాలి.

రాజు న్యాయమూర్తులను ఏమడిగాడు? దానికి అంత ప్రాధాన్యం ఎందుకు?

మొత్తం కథకు కీలు ఇక్కడే ఉంది. రాజద్రోహం అంటే ఏమిటో మూడవ ఎడ్వర్డ్ కాలంలో, 1352లో, ఒక చట్టం స్పష్టంగా నిర్వచించింది. రాజు, రాణి, పెద్ద కొడుకుల మరణానికి కుట్ర చేయడం, రాజ్యంలో రాజు మీద యుద్ధానికి దిగడం, శత్రువులకు సాయపడటం, రాజముద్రనూ నాణేలనూ దొంగగా తయారుచేయడం వంటివి మాత్రమే ఆ జాబితాలో ఉన్నాయి. ఈ నేరానికి శిక్ష మరణంతో ఆగదు, భూములన్నీ రాజుపరం అవుతాయి. అంటే ద్రోహమనే మాట పరిధి ఎంత పెరిగితే ప్రభువుల ఆస్తికి ప్రమాదం అంత పెరుగుతుంది. అందుకే వారికి ఆ హద్దు ప్రాణంతో సమానం.

రిచర్డ్ 1387 ఆగస్టులో ష్రూస్‌బరీలో, నాటింగ్‌హామ్‌లో ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్ ట్రెసీలియన్ తదితరులను పిలిచి పది ప్రశ్నలు వేశాడు. 1386 నాటి సంఘం రాజాధికారానికి విరుద్ధమా, దానికి రాజును ఒప్పించినవారికి ఏ శిక్ష తగును, రాజు అనుమతి లేకుండా అతని మంత్రులను అభిశంసించవచ్చా అన్నవి వాటి సారాంశం. సంఘం చట్టవిరుద్ధమని, బాధ్యులను ద్రోహులతో సమానంగా శిక్షించవచ్చని న్యాయమూర్తులు ముద్రలు వేసి మరీ జవాబిచ్చారు. బలవంతం మీద వేశామని తరువాత కొందరు మొత్తుకున్నారు. ద్రోహులని నేరుగా అనకుండా ‘ద్రోహుల మాదిరిగా’ అనడంలో వారి జాగ్రత్త కనిపిస్తుంది, కాని ఉరితాడుకు ఆ తేడా తెలియదు. సంగతి రహస్యంగా ఉంచాలనుకున్నా కొద్ది వారాల్లోనే గ్లాస్టర్ చెవిన పడింది. ఇక ప్రభువులకు ముందుగా దెబ్బ తీయడం తప్ప దారి లేకపోయింది.

అభియోక్త ప్రభువులు అంటే ఎవరు?

రాజు స్నేహితుల మీద స్వయంగా రాజద్రోహాభియోగం మోపినవారు. తొలుత ముగ్గురు: గ్లాస్టర్ డ్యూక్ థామస్, అరుండెల్ ఎర్ల్ రిచర్డ్ ఫిట్జాలన్, వార్విక్ ఎర్ల్ థామస్ బోషాంప్. తరువాత డెర్బీ ఎర్ల్ హెన్రీ బోలింగ్‌బ్రోక్, నాటింగ్‌హామ్ ఎర్ల్ థామస్ మోబ్రే కలిశారు. నిందితులు కూడా ఐదుగురే: డి వీర్, డి లా పోల్, ట్రెసీలియన్, యార్క్ ఆర్చిబిషప్ అలెగ్జాండర్ నెవిల్, లండన్ మాజీ మేయర్ నికొలస్ బ్రెంబర్. ముగ్గురు పెద్దలు 1387 నవంబరులో సాయుధ పరివారంతో వచ్చి వెస్ట్‌మినిస్టర్‌లో రాజు ముందు మోకరిల్లి మరీ అభియోగం వినిపించారు. తమ పోరు రాజు మీద కాదని, రాజును తప్పుదారి పట్టించినవారి మీదనేనని వారు చివరిదాకా చెప్పుకున్నారు. మధ్యయుగపు తిరుగుబాటుదారులందరూ చెప్పే మాటే ఇది.

రాడ్‌కాట్ వంతెన దగ్గర జరిగింది యుద్ధమేనా?

పేరుకు యుద్ధం. డి వీర్ చెషైర్‌లో రాజు పేరిట సైన్యం సమీకరించి లండన్ వైపు వస్తుండగా 1387 డిసెంబరు 20న థేమ్స్ నది మీది రాడ్‌కాట్ వంతెన దగ్గర బోలింగ్‌బ్రోక్ మనుషులు దారి మూసేశారు. వెనుక నుంచి గ్లాస్టర్ బలగాలు వచ్చాయి. డి వీర్ నదిలోకి దూకి తప్పించుకుని దేశం దాటాడు. 1392లో లూవెన్ దగ్గర వేటలో గాయపడి చనిపోయాడు.

రాజును అప్పుడే గద్దె దించారని కొందరు రాస్తారు, నిజమేనా?

కొన్ని రోజుల పాటు దించారనే చెప్పడానికి ఆధారాలు ఉన్నాయి. డిసెంబరు చివరలో ప్రభువులు సైన్యంతో లండన్ టవర్‌లోని రాజు దగ్గరకు వెళ్లారు. రెండు మూడు రోజులు అతణ్ణి రాజుగా గుర్తించలేదని ఒక మఠంలో రాసిన చరిత్ర చెబుతుంది. పదేళ్ల తరువాత గ్లాస్టర్ ఇచ్చిన వాంగ్మూలంలో కూడా ఆ సంగతి ఉంది. తిరిగి కూర్చోబెట్టడానికి కారణం దయ కాదు. రాజును తొలగిస్తే ఆ స్థానం తనదంటే తనదని గ్లాస్టర్, బోలింగ్‌బ్రోక్ పట్టుబట్టారని చెబుతారు.

‘నిర్దయ పార్లమెంటు’కు ఆ పేరు ఎందుకు వచ్చింది?

1388 ఫిబ్రవరి 3న మొదలై జూన్ వరకు సాగిన ఆ సమావేశంలో జరిగిన శిక్షలే కారణం. మొదట ఒక చిక్కు వచ్చింది. ఈ తరహా అభియోగం దేశపు సామాన్య న్యాయం ప్రకారం గాని రోమన్ న్యాయం ప్రకారం గాని చెల్లదని న్యాయకోవిదులు తేల్చారు. అయితే ఇంత పెద్ద నేరాలను పార్లమెంటే విచారిస్తుందని, దానికి పార్లమెంటు న్యాయమే ప్రమాణమని ప్రభువులు ప్రకటించారు. ఇదే సభను తరువాత కొందరు పార్లమెంటు సార్వభౌమత్వానికి తొలి మెట్టుగా పొగిడారు. ఆ మెట్టు ఎక్కింది మాత్రం తమ శత్రువులను ఉరితీయడానికి.

ట్రెసీలియన్ వెస్ట్‌మినిస్టర్‌లో దాక్కుని ఉండగా పట్టుకుని టైబర్న్‌లో ఉరితీశారు. మరునాడు బ్రెంబర్‌ను ఉరితీశారు. పది ప్రశ్నలకు జవాబులిచ్చిన ఇతర న్యాయమూర్తులకు మరణశిక్ష వేసి, బిషప్పుల ప్రార్థన మీద ఐర్లండుకు ప్రవాసంగా మార్చారు. ఆర్చిబిషప్ నెవిల్, డి లా పోల్ ముందే విదేశాలకు పారిపోయారు. అందరికంటే రాజును కలచివేసింది సర్ సైమన్ బర్లీ శిరచ్ఛేదం. రిచర్డ్‌ను చిన్ననాటి నుంచి పెంచి చదువు చెప్పించినవాడు అతడు. రాణి ఆన్ అరుండెల్ ముందు మోకాళ్ల మీద నిలబడి అతని ప్రాణం అడిగినా ఫలితం లేకపోయింది. అభియోక్తల్లోనే చిన్నవారైన బోలింగ్‌బ్రోక్, మోబ్రే బర్లీని కాపాడాలని వాదించారు. గ్లాస్టర్, అరుండెల్, వార్విక్ వినలేదు. ఐదుగురిలో చీలిక ఇక్కడ మొదలైంది, రాజు దాన్ని మరచిపోలేదు.

సమావేశం ముగిసేలోగా అభియోక్తలకు వారి శ్రమకూ ఖర్చుకూ గాను 20,000 పౌండ్లు మంజూరయ్యాయి. దుబారాను అరికడతామని వచ్చినవారికి అది చిన్న మొత్తం కాదు.

అంత గెలిచిన ప్రభువుల పాలన ఏడాదికే ఎందుకు కూలింది?

చంపడానికి కుదిరిన ఐక్యత పాలించడానికి కుదరలేదు. ఫ్రాన్సు మీద వారు తలపెట్టిన దాడి ఫలించలేదు, 1388 ఆగస్టులో ఆటర్‌బర్న్ దగ్గర స్కాట్లండు చేతిలో ఓటమి ఎదురైంది, ప్రభువుల పరివారాలు జిల్లాల్లో చేస్తున్న దౌర్జన్యాల మీద సామాన్యుల సభ ఫిర్యాదులు పెరిగాయి. 1389 మే 3న రిచర్డ్ సభలో తన వయసెంతని అడిగి, ఇరవై రెండేళ్లు దాటాయి కాబట్టి ఇక తానే పాలిస్తానని ప్రకటించాడు. ఎవరూ అడ్డుచెప్పలేకపోయారు. ఆ ఏడాది చివర గాంట్ స్పెయిన్ నుంచి తిరిగివచ్చి రాజుకు అండగా నిలిచాడు.

1389 నుంచి 1397 వరకు నిజంగా శాంతే ఉందా?

పైకి ఉంది. ఫ్రాన్సుతో సంధి సాగింది, 1394లో రాజు స్వయంగా ఐర్లండుకు వెళ్లి అక్కడి నాయకుల విధేయత సంపాదించాడు. 1396లో ఫ్రెంచి రాజు కూతురు ఇసబెల్లాతో పెళ్లి, దానితో పాటు ఇరవై ఎనిమిదేళ్ల సంధి కుదిరాయి. పెళ్లికూతురికి ఇంకా ఏడేళ్లు నిండలేదు. అంటే రాజుకు వారసుడు ఇప్పట్లో పుట్టడన్నమాట. ఈ సంధిని గ్లాస్టర్ బాహాటంగా ఎదిరించాడు.

లోపల మాత్రం గాయాలు మానలేదు. ప్రేమించిన రాణి ఆన్ 1394లో చనిపోతే, ఆమె కన్నుమూసిన షీన్ భవనాన్ని రాజు పడగొట్టించాడు. అంత్యక్రియలకు ఆలస్యంగా వచ్చిన అరుండెల్‌ను వెస్ట్‌మినిస్టర్ చర్చిలోనే బెత్తంతో కొట్టి నెత్తురు చిందించాడు. తెల్ల దుప్పి గుర్తు ధరించే సొంత పరివారాన్ని పెంచుకోవడం కూడా ఈ కాలంలోనే మొదలైంది. ప్రభువుల బలమంతా గుర్తు ధరించిన మనుషులదే అయినప్పుడు తనకూ అదే కావాలని రాజు తేల్చుకున్నట్టు కనిపిస్తుంది.

1397లో రాజు ప్రతీకారం ఎలా తీర్చుకున్నాడు?

తన మీద ప్రయోగించిన ఆయుధంతోనే. జూలైలో వార్విక్‌ను విందుకు పిలిచి భోజనమయ్యాక నిర్బంధించారు. అరుండెల్ తన సోదరుడు థామస్ (1386 నాటి ఈలీ బిషప్, ఇప్పుడు కాంటర్బరీ ఆర్చిబిషప్) మాట మీద లొంగిపోయాడు. గ్లాస్టర్‌ను పట్టుకోవడానికి రాజే రాత్రివేళ అతని ప్లెషీ కోటకు వెళ్లాడు. సెప్టెంబరు 17న పార్లమెంటు కూడింది. వెస్ట్‌మినిస్టర్ హాలుకు కొత్త పైకప్పు వేయిస్తున్నందున ఆవరణలో తాత్కాలికంగా కట్టిన మంటపంలో సభ జరిగింది, దాని చుట్టూ రాజు పోషించే చెషైర్ విలుకాండ్రు నిలబడ్డారు. ఎనిమిది మంది కొత్త అభియోక్తలు 1388 నాటి పద్ధతినే అనుసరించి ముగ్గురు పెద్దల మీద రాజద్రోహం మోపారు. 1387లో న్యాయమూర్తులు ఇచ్చిన పది జవాబులు సరైనవేనని ప్రకటించారు.

తనకు రాజు రెండుసార్లు క్షమాపత్రం ఇచ్చాడని అరుండెల్ వాదించాడు. ఆ పత్రాలు రద్దయ్యాయని జవాబు వచ్చింది. సెప్టెంబరు 21న, శిక్ష పడిన రోజే, తల నరికారు. విచారణకు అధ్యక్షత వహించింది గాంట్, అతని కొడుకు బోలింగ్‌బ్రోక్ కూడా పాత మిత్రుడికి వ్యతిరేకంగా మాట్లాడాడు. వార్విక్ ఏడ్చి నేరం ఒప్పుకున్నందున ఐల్ ఆఫ్ మ్యాన్‌కు యావజ్జీవ ప్రవాసంతో బయటపడ్డాడు. అరుండెల్ సోదరుడైన ఆర్చిబిషప్‌నూ దేశం నుంచి వెళ్లగొట్టారు. స్వాధీనమైన భూములను రాజు తన వారికి పంచాడు, ఒకే రోజు ఐదుగురిని డ్యూకులను చేశాడు. బోలింగ్‌బ్రోక్, మోబ్రే ఆ ఐదుగురిలో ఉన్నారు.

గ్లాస్టర్ డ్యూక్‌ను రాజే చంపించాడా?

సందేహానికి పెద్దగా తావు లేదు. గ్లాస్టర్‌ను ఇంగ్లండులో ఉంచకుండా, ఫ్రాన్సు తీరంలో ఇంగ్లండు చేతిలో ఉన్న కలే కోటకు పంపారు, అక్కడి అధికారి మోబ్రే. సెప్టెంబరు ఆరంభంలో న్యాయమూర్తి విలియం రిక్‌హిల్‌ను పంపి వాంగ్మూలం రాయించుకున్నారు. పార్లమెంటు నిందితుణ్ణి ప్రవేశపెట్టమన్నప్పుడు, అతడు చనిపోయాడని మోబ్రే నుంచి జవాబు వచ్చింది. రెండేళ్ల తరువాత, రిచర్డ్ పతనమయ్యాక, జాన్ హాల్ అనే సేవకుడు విచారణలో గ్లాస్టర్‌ను పరుపుతో ఊపిరాడకుండా చేసి చంపారని, తాను అక్కడ ఉన్నానని ఒప్పుకుని ఉరికంబం ఎక్కాడు. రాజు సొంత పినతండ్రిని పార్లమెంటు ముందు నిలబెట్టి తల నరికించే ధైర్యం చేయలేకపోయాడన్నదే సరైన వివరణగా తోస్తుంది.

బోలింగ్‌బ్రోక్, మోబ్రేల తగాదా ఏమిటి?

ఐదుగురు పాత అభియోక్తల్లో శిక్ష పడకుండా మిగిలినవారు వీరిద్దరే. 1397 డిసెంబరులో దారిలో కలిసినప్పుడు, రాడ్‌కాట్ వంతెన సంగతికి రాజు మన మీద కూడా కక్ష తీర్చుకోబోతున్నాడని మోబ్రే అన్నాడని బోలింగ్‌బ్రోక్ రాజుకు చెప్పాడు. మోబ్రే కాదన్నాడు. సాక్షులు లేని వివాదం కాబట్టి ద్వంద్వ యుద్ధంతో తేల్చాలని నిర్ణయమైంది. 1398 సెప్టెంబరు 16న కావెంట్రీలో వేలమంది చూస్తుండగా ఇద్దరూ గుర్రాలెక్కి సిద్ధమయ్యాక రాజు ఆపించి, బోలింగ్‌బ్రోక్‌కు పదేళ్లు, మోబ్రేకు జీవితాంతం దేశబహిష్కారం విధించాడు. ఎవరు గెలిచినా రాజుకు చిక్కే. మోబ్రే గెలిస్తే లాంకాస్టర్ వారసుడి చావు మెడకు చుట్టుకుంటుంది, ఓడితే గ్లాస్టర్ మరణం మళ్లీ చర్చకు వస్తుంది. ఆ పూటకు అది తెలివైన నిర్ణయమే.

ఒక్క వారసత్వాన్ని జప్తు చేయడం అంత పెద్ద విషయమా?

రిచర్డ్ చేసిన పనులన్నిటిలో ఇదే అతణ్ణి ముంచింది. గాంట్ 1399 ఫిబ్రవరి 3న చనిపోయాడు. రాజు తరువాత దేశంలో అతనికున్నంత భూమి మరెవరికీ లేదు. ప్రవాసంలో ఉన్నా వారసత్వం అందుకోవడానికి ప్రతినిధులను పెట్టుకోవచ్చని బోలింగ్‌బ్రోక్‌కు రాజే లిఖితపూర్వకంగా హామీ ఇచ్చాడు. మార్చి 18న ఆ హామీని రద్దుచేసి, లాంకాస్టర్ భూములను స్వాధీనం చేసుకున్నాడు, ప్రవాసాన్ని జీవితాంతానికి పొడిగించాడు.

అరుండెల్‌ను చంపినప్పుడు ఇతర ప్రభువులు సర్దుకుపోయారు, పంపకంలో వాటా కూడా తీసుకున్నారు. అతడు రాజుకు ఎదురుతిరిగినవాడు కదా అని మనసుకు చెప్పుకోగలిగారు. బోలింగ్‌బ్రోక్ మీద రుజువైన నేరం ఏదీ లేదు. నేరం లేకుండానే దేశంలోకెల్లా పెద్ద ఆస్తి పోయిందంటే ఏ ఎర్ల్ ఆస్తికైనా, ఏ చిన్న భూస్వామి పొలానికైనా రక్షణ లేనట్టే. తండ్రి ఆస్తి కొడుక్కి రావడమన్నది ప్రభువులకూ సామాన్యులకూ ఉమ్మడి నమ్మకం. దీనికి తోడు లండనూ దాని పరిసర జిల్లాలూ తమ ఆస్తిపాస్తులను రాజు దయకు వదిలేస్తున్నట్టు ఖాళీ పత్రాల మీద ముద్రలు వేసి ఇవ్వవలసివచ్చింది. అప్పుల పేరుతో రాజు తీసుకున్న డబ్బు తిరిగి రాలేదు. 1386 నుంచి జరిగిన తగాదాల్లో రాజుకు కనీసం కొందరు ప్రభువుల మద్దతు ఉండేది. ఈ ఒక్క పనితో అతడు అందరినీ ఒకే వైపుకు నెట్టాడు.

చెషైర్ విలుకాండ్రు ఉండగా 1399లో అంత తేలిగ్గా ఎలా ఓడాడు?

దేశంలో లేడు కాబట్టి. జూన్ ఆరంభంలో సైన్యాన్నీ నమ్మకస్తులనూ వెంటబెట్టుకుని ఐర్లండుకు వెళ్లాడు. జూలై మొదట్లో బోలింగ్‌బ్రోక్ హంబర్ నది ముఖద్వారంలోని రావెన్‌స్పర్‌లో కొద్దిమందితో దిగాడు. ఉత్తరాన నార్తంబర్లండ్ ఎర్ల్ హెన్రీ పెర్సీ, వెస్ట్‌మోర్లండ్ ఎర్ల్ రాల్ఫ్ నెవిల్ అతనితో చేరారు. తన వారసత్వం కోసమే వచ్చానని డాన్‌కాస్టర్‌లో ప్రమాణం చేశాడని, అది నమ్మే తాము చేరామని పెర్సీలు తరువాత వాదించారు. రాజు బదులు రాజ్యం చూస్తున్న మరో పినతండ్రి యార్క్ డ్యూక్ పోరాడకుండానే లొంగిపోయాడు. బ్రిస్టల్‌లో రాజు మంత్రులు ముగ్గురి తలలు తీశారు. రిచర్డ్ వేల్స్‌లో దిగేసరికి అతని కోసం పోగైన సైన్యం చెదిరిపోయింది. కాన్వీ కోటకు వచ్చిన నార్తంబర్లండ్ మాట నమ్మి బయటికి వచ్చిన రాజును దారిలో పట్టుకుని ఫ్లింట్ కోటకు తీసుకెళ్లి ఆగస్టులో బోలింగ్‌బ్రోక్‌కు అప్పగించారు.

రాజు గద్దె దిగాడా, దించారా?

అధికారిక పత్రం ప్రకారం లండన్ టవర్‌లో చిరునవ్వుతో తానే దిగిపోయాడు. దాన్ని నమ్మడం కష్టం. స్వచ్ఛందంగా దిగిన రాజు మీద ముప్ఫై మూడు ఆరోపణలు చదివి, మళ్లీ విడిగా పదవీచ్యుతుణ్ణి చేయవలసిన అవసరమేమిటి? సెప్టెంబరు 30న వెస్ట్‌మినిస్టర్ హాలులో అదే జరిగింది. చట్టాలు తన నోటిలో, తన గుండెలో ఉన్నాయని రాజు అనేవాడన్నది ఆ ఆరోపణల్లో ఒకటి. ఆ తరువాత బోలింగ్‌బ్రోక్ లేచి, అందరికీ అర్థమయ్యేలా ఇంగ్లీషులోనే, పూర్వపు రాజు మూడవ హెన్రీ రక్తం నుంచి వచ్చిన హక్కుతో సింహాసనం తనదని ప్రకటించాడు. వంశక్రమం లెక్కిస్తే ఎనిమిదేళ్లయినా నిండని ఎడ్మండ్ మోర్టిమర్ హక్కు అంతకంటే దగ్గరిది. ఆ బాలుడి పేరు ఎవరూ ఎత్తలేదు. అక్టోబరు 13న బోలింగ్‌బ్రోక్ నాలుగవ హెన్రీగా పట్టాభిషిక్తుడయ్యాడు.

రిచర్డ్ ఎలా చనిపోయాడు?

1400 జనవరిలో అతని పాత మిత్రులు కొందరు కొత్త రాజును పట్టుకోవడానికి కుట్ర చేసి విఫలమయ్యారు. ఆ తరువాత కొద్ది వారాల్లోనే, ఫిబ్రవరి మధ్యకల్లా, రిచర్డ్ పాంటిఫ్రాక్ట్ కోట చెరలో మరణించాడు. ఆకలితో చనిపోయాడన్నది ఎక్కువమంది ఒప్పుకునే మాట. ఆ ఆకలి తనకు తాను విధించుకున్నదా, ఇతరులు విధించినదా అన్నదే తేడా. బతికే ఉన్నాడన్న పుకార్లు ఆపడానికి మృతదేహాన్ని ముఖం కనిపించేలా లండన్‌కు తెచ్చారు.

ప్రభువులు ప్రజల పక్షాన పోరాడారని అనవచ్చా?

అనలేము. 1381లో రైతులను అణచడంలో రాజూ ప్రభువులూ ఒక్కటే. 1388లో గాని 1399లో గాని భూమికి కట్టుబడిన రైతుల స్థితి గురించి ఒక్క మాట లేదు. సామాన్యుల సభ అంటే కూడా జిల్లాల భూస్వాములు, పట్టణాల వర్తకులు. అయితే వారి ఆమోదం కోసం రెండు పక్షాలూ పోటీపడినందువల్ల ఆ సభకు బరువు పెరిగిన మాట నిజం.

రిచర్డ్ నిరంకుశుడా, బాధితుడా?

అతడు పాలించిన తీరును బట్టి, చివరి రెండేళ్లలో నిరంకుశుడే. కాని 1388లో ప్రభువులు చేసినదానికి 1397లో రాజు చేసినది దాదాపు ప్రతిబింబం. చెల్లుబాటయ్యే క్షమాపత్రాన్ని కాదనడం, న్యాయకోవిదుల మాట తోసిపుచ్చడం, ఆయుధాల నీడలో పార్లమెంటు జరపడం, భూములు పంచుకోవడం ఇవన్నీ ఒక పక్షం సొత్తు కావు. గ్లాస్టర్, అరుండెల్‌లను స్వేచ్ఛకోసం పోరాడిన వీరులుగా చూపే రచనలు 20,000 పౌండ్ల సంగతి దాటవేస్తాయి. రిచర్డ్‌ను సున్నిత మనస్కుడైన కళాభిమానిగా చూపేవి కలే కోట సంగతి దాటవేస్తాయి.

1399 తరువాత నిజంగా మారినదేమిటి?

తగాదా ఆగలేదు. నాలుగవ హెన్రీని గద్దెనెక్కించిన పెర్సీలే 1403లో అతని మీద తిరగబడి ష్రూస్‌బరీ దగ్గర ఓడిపోయారు. పక్కకు నెట్టిన మోర్టిమర్ హక్కు పెళ్లి సంబంధాల ద్వారా యార్క్ వంశానికి చేరి, అర్ధ శతాబ్దం తరువాత యార్క్, లాంకాస్టర్ వంశాలు సింహాసనం కోసం చేసిన గులాబీల యుద్ధాల్లో తిరిగి లేచింది.

చట్టంలో మాత్రం ఒక మార్పు వెంటనే వచ్చింది. నాలుగవ హెన్రీ తొలి పార్లమెంటు 1397 నాటి చర్యలను రద్దుచేసి 1388 నాటి వాటిని పునరుద్ధరించింది, అంటే తన పక్షం గెలుపును నిలబెట్టుకుంది. కాని అదే సభ రాజద్రోహం నిర్వచనాన్ని 1352 నాటి హద్దులకే తిరిగి తెచ్చింది. 1388లో ప్రభువులూ 1397లో రాజూ వాడిన పద్ధతిని, అంటే ఒకరి మీద ఒకరు పార్లమెంటులో నేరుగా అభియోగం మోపడాన్ని, ఇక ముందు ఎవరూ అనుసరించరాదని నిషేధించింది. ఆ నిషేధానికి సమ్మతించిన కొత్త రాజు పన్నెండేళ్ల కిందట ఆ పద్ధతిని వాడిన ఐదుగురిలో ఒకడు.